ఇసకలో మొదటి గేరు

ముప్పై రెండేళ్ళు వజ్రపుకొత్తూరు తహసీల్దారు ఆఫీసు జీపు నడిపినాను.
పద్నాలుగుమంది అధికార్లు నా ఎడం పక్కన కూర్చున్నారు.
వాళ్ళ పేర్ల కన్నా
డోరు ఎలాగ వేసేవారో నాకు బాగా గుర్తు.

హేమసుందరి మేడమ్ నెమ్మదిగా వేసేది.

రేషన్ కార్డులో పేరు తప్పు పడిందంటే
బోనెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసీసేది,
టీ చల్లారకముందే.
"ఇందులో ఆలోచించడానికి ఏటుందోయ్ పోలినాయుడూ,
అప్పయ్యమ్మ అప్పయ్యమ్మే కదా."
అంతకుముందున్నాయన అదే కాగితాన్ని
మూడు టేబుళ్ళు తిప్పి, నాలుగోదాని కింద మరిచిపోయేవాడు.

వంశధార కాలవకి గండి పడ్డనాడు మాత్రం
నోరు విప్పలేదు.
టెక్కలి నుంచి ఇంజనీరుని రప్పించింది,
రిటైరైన లస్కరు గేదెల దాలయ్యని
నిద్దర్లోంచి లేపి తెమ్మని నన్ను పంపింది.
ఒకడు మ్యాపు పట్టుకుని, ఒకడు బురదముద్ద పట్టుకుని
గంటసేపు కొట్లాడుకున్నారు.
గొడుగు కింద నిలబడి విన్నాది.
ఇసక బస్తాలు ఇంజనీరు చూపించిన చోట,
దాలయ్య చెప్పిన వరసలో వేయించింది.

తుఫాను రాత్రి సంగతి వేరు.
కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డం పడిపోనాయి,
ఫోన్లు చచ్చిపోనాయి,
గాలి జీపుని పక్కకి తోసేస్తంది.
"గొడౌన్ తాళం పగలగొట్టు."
"మేడమ్, కాగితం..."
"పగలగొట్టు."
జాకీ రాడ్డుతో నానే కొట్టినాను.
సూరాడ ఎర్రమ్మ ఇల్లొదిలి రానంటే
జబ్బ పట్టి బయటికి ఈడ్చింది,
డోరు నెమ్మదిగా వేసే ఆ చెయ్యే.
ఎందుకు, ఏటి అన్నది తెల్లారినాకే రాసుకున్నాది.
ఆ బియ్యానికి ఆమెకి మెమో వచ్చింది.

అన్నీ సరిగ్గానే చేసినాదని కాదు.
ఒక గట్టు తగువు చిన్నదనుకున్నాది,
సర్వేయరు చేత రాయి పాతించి వచ్చీసింది.
రాయి కింద ముగ్గురన్నదమ్ముల ఇరవయ్యేళ్ళ పగ ఉందని
తలకాయ పగిలినాక గానీ తెలీలేదు.
వారం రోజులు జీపులో మాట లేదు.
ఎనిమిదో రోజు అడిగింది:
"ఇసకలో ఏ గేరు వేస్తావు?"
"మొదటిది మేడమ్."
"అది ఇసకో కాదో ముందే ఎలాగ తెలుస్తాది?"
"తెలీదు. చక్రం చెప్తాది."

ఆ తర్వాతే పనసతోటల మధ్య
కిడ్నీలు పోయిన ఆ ఊరికి తరచు వెళ్ళేవాళ్ళం.
నీళ్ళన్నారు, నొప్పిబిళ్ళలన్నారు, ఎండన్నారు.
పెద్ద డాక్టర్లు వచ్చి సీసాల్లో రక్తం పట్టుకెళ్ళినారు.
డయాలసిస్‌కి ఆటో ఎక్కుతూ బత్తిన కూర్మయ్య
"అమ్మా, ఈ బోరు తాగాలా, మానాలా?" అన్నాడు.
"తెలీదు కూర్మయ్యా" అన్నాది.

నాకు సిగ్గేసింది.
అధికారి నోట ఆ మాట
అంతవరకు నాను వినలేదు.

"ఇంజను ఆపు," అన్నాది, "నడిచెల్దాం."

ఒక వీధికి ట్యాంకరు, ఒక వీధికి ఫిల్టరు,
ఇంకో వీధిలో మిట్టమధ్యాన్నం జీడిపనికి సెలవు.
బడిపంతులమ్మ చేత ఒక నోటుబుక్కు.
గురువారం గురువారం వచ్చి అరుగు మీద కూర్చుని
అంకెలు చదివించుకునేది.
ట్యాంకరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటే మాన్పించింది.
మూడో వీధిలో కొంచెం నయమంది పంతులమ్మ.
"కొంచెం అంటే ఎంత?" అని
నాలుగుసార్లు అడిగింది. నవ్వలేదు.

ట్రాన్స్‌ఫర్ వచ్చింది.
నోటుబుక్కు పంతులమ్మ దగ్గరే ఉండిపోనాది,
సగం పేజీలు ఖాళీ.

కొత్తాయన డోరు దబేల్మని వేసినాడు.
"ఈ ఊరికి రోగమేటి,
ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు.

నా జేబులో పలాస ల్యాబ్ కాగితం,
క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి.
ఇంట్లో ఇంకా చెప్పలేదు.

"ముందు ఇసక రోడ్డు సార్," అన్నాను.
"నెమ్మదిగా వెళ్ళాలి."